బ్యాక్టీరియా, ఆర్కియా, వైరస్‌లు

కంటికి కనిపించనంత చిన్నవాటినన్నింటినీ వాడుకలో సూక్ష్మజీవులనో క్రిములనో ఒకే మాటతో పిలుస్తారు. ఆ మాట వాటి పరిమాణాన్ని చెబుతుందే గాని, పుట్టుకను గాని నిర్మాణాన్ని గాని చెప్పదు. నిజానికి దాని కింద కనీసం మూడు వేర్వేరు వర్గాలు ఉన్నాయి. బ్యాక్టీరియా సొంత కణంతో బతికే ఏకకణ జీవులు. ఆర్కియా కూడా ఏకకణ జీవులే, పైకి అచ్చం బ్యాక్టీరియాలాగే కనిపిస్తాయి; లోపలి యంత్రాంగం మాత్రం చాలా విషయాల్లో మొక్కల, జంతువుల కణాలకు దగ్గరగా ఉంటుంది. వైరస్‌లకు అసలు కణమే లేదు. ప్రోటీన్ తొడుగులో చుట్టిన కొద్దిపాటి జన్యు పదార్థమే వాటి ఆస్తి. పాలు ఎలా తోడుకుంటాయి, గోబర్ గ్యాస్ ఎలా పుడుతుంది, చేలో తెగులు ఎలా పాకుతుంది, ఏ జబ్బుకు ఏ మందు పనిచేయదు అన్న ప్రశ్నలకు జవాబులు ఈ తేడాల్లో దొరుకుతాయి.

మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు, అందులో వెయ్యో వంతు ఒక నానోమీటరు. మనిషి పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. పోలియో వైరస్ వ్యాసం సుమారు 30 నానోమీటర్లు. ఒక్క ఇ.కోలై పొడవునా అరవైకి పైగా పోలియో వైరస్‌లను వరసగా పేర్చవచ్చు. మామూలు సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కన్నా చిన్న వివరాలను విడదీసి చూపలేదు కాబట్టి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చేదాకా వైరస్‌ల ఆకారం ఎవరి కంటా పడలేదు. అయితే పరిమాణాన్ని బట్టి వర్గాన్ని తేల్చడం కుదరదు. కరీబియన్ ద్వీపం గ్వాడలూప్‌లోని మడ అడవుల్లో దొరికిందని 2022లో ప్రకటించిన థయోమార్గరీటా మాగ్నిఫికా బ్యాక్టీరియమే అయినా సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది, మామూలు కంటికే కనబడుతుంది. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కూలింగ్ టవర్ నీటిలో దొరికిన మిమివైరస్‌నేమో, దాని పరిమాణం చూసి చాలాకాలం బ్యాక్టీరియమే అనుకున్నారు. అది వైరస్ అని 2003లో గాని తేలలేదు.

బ్యాక్టీరియా

బ్యాక్టీరియాను మొదట చూసినవాడు హాలండులోని డెల్ఫ్ట్ నగరానికి చెందిన బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. మిరియాలు ఎందుకు ఘాటుగా ఉంటాయో తెలుసుకోవాలని వాటిని నీళ్ళలో నానబెట్టి, తాను అరగదీసుకున్న కటకంతో ఆ నీటిని పరిశీలించాడు. ఘాటు సంగతి తేలలేదు గాని, అందులో కదిలాడే అతి చిన్న ప్రాణులు కనిపించాయి. 1676లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన లేఖలో వాటిని వర్ణించాడు.

బ్యాక్టీరియా కణంలో కేంద్రకం ఉండదు. జన్యు పదార్థమైన డీఎన్‌ఏ సాధారణంగా ఒక వలయంగా, పొర చాటు లేకుండా, కణం నడుమ ముద్దలా ఉంటుంది. ఇ.కోలై వలయంలో దాదాపు 46 లక్షల క్షార జతలు ఉన్నాయి. విప్పి సాగదీస్తే దాని పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే కణం పొడవుకు దాదాపు ఎనిమిది వందల రెట్లు. జన్యువుల్లోని సమాచారాన్ని చదివి ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు కణమంతా వేల సంఖ్యలో పరచుకుని ఉంటాయి. కేంద్రకం అడ్డు లేదు కాబట్టి, డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారవుతుండగానే రైబోజోములు దాని రెండో కొసను పట్టుకుని ప్రోటీన్ అల్లడం మొదలుపెడతాయి. బ్యాక్టీరియా వేగానికి ఇదొక కారణం.

కణం పొర చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లిన గట్టి గోడ ఉంటుంది. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తుండగా డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగుల పరీక్ష ఈ గోడను బట్టే పనిచేస్తుంది. గాజు పలక మీద బ్యాక్టీరియాను పూసి ఊదా రంగు, అయోడిన్ వేసి, ఆల్కహాల్‌తో కడుగుతారు. గోడ మందంగా ఉన్నవి ఊదా రంగును వదలవు. వీటిని గ్రామ్ పాజిటివ్ అంటారు. గోడ పలుచగా ఉండి, దాని పైన మరో పొర కప్పుకున్నవి రంగు పోగొట్టుకుని, తర్వాత వేసే ఎర్ర రంగును పీల్చుకుంటాయి. ఇవి గ్రామ్ నెగటివ్. ఆ బయటి పొర చాలా మందులను లోపలికి రానివ్వదు. నూట నలభై ఏళ్ళ నాటి ఈ పరీక్షను ఆసుపత్రి ల్యాబుల్లో నేటికీ రోజూ చేస్తూనే ఉన్నారు. పెన్సిలిన్ కూడా ఈ గోడ అల్లికనే చెడగొడుతుంది. గోడ బలహీనపడిన కణం లోపలి నీటి ఒత్తిడికి పగిలిపోతుంది. మైకోప్లాస్మాలు అనే బ్యాక్టీరియాకు గోడే లేదు కాబట్టి వాటి మీద పెన్సిలిన్ పనిచేయదు.

బ్యాక్టీరియా ఒకటి రెండుగా చీలి పెరుగుతాయి. దీన్ని ద్విధావిచ్ఛిత్తి అంటారు. అన్నీ అనుకూలిస్తే ఇ.కోలై 20 నిమిషాలకోసారి చీలుతుంది. అదే వేగం సాగితే ఒక్క కణం 8 గంటల్లో 1 కోటి 67 లక్షల కణాలవుతుంది. రాత్రి వేసిన తోడు తెల్లవారేసరికి గిన్నెడు పెరుగుగా మారడం ఈ లెక్క చలవే. గోరువెచ్చని పాలలో కలిపిన చెంచాడు పెరుగులో లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా ఉంటాయి. అవి పాలలోని చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి. పులుపు ఒక హద్దు చేరగానే కేసీన్ అనే పాల ప్రోటీన్ విరిగి, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడుతుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతాయి. చలికాలంలో వాటి పని మందగిస్తుంది కాబట్టి గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెడతారు. ఇడ్లీ పిండి పొంగడంలోనూ ఇలాంటివే ఉన్నాయి: మినప్పిండిలో పెరిగే ల్యూకోనోస్టాక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదులుతుంది, జిగటగా ఉన్న పిండి ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది.

చీలడం వల్ల పుట్టే కణాలు తల్లి కణానికి నకళ్ళే అయినా, జన్యువులు ఇచ్చిపుచ్చుకునే దారులు బ్యాక్టీరియాకు వేరే ఉన్నాయి. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏను బతికున్నవి లోపలికి తీసుకోగలవు. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా బ్యాక్టీరియాతో చేసిన ప్రయోగంలో బయటపడింది ఇదే. రెండు కణాలు దగ్గరై ఒకదాని నుంచి మరొకదానికి డీఎన్‌ఏ పంపుకోవడాన్ని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ నిరూపించారు. వైరస్‌లు కూడా ఒక కణం జన్యువులను మరో కణానికి మోసుకుపోతాయి. ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాలు ఇలా జాతి హద్దులు దాటి తిరుగుతాయి. మందుకు లొంగని గుణం ఒక బ్యాక్టీరియా నుంచి దానితో చుట్టరికం లేని మరో బ్యాక్టీరియాకు పాకేది ఎక్కువగా వీటి ద్వారానే.

గడ్డుకాలం వస్తే కొన్ని బ్యాక్టీరియా సిద్ధబీజాలుగా మారతాయి. నీరు దాదాపు ఇంకిపోయి, గట్టి తొడుగులు కప్పుకుని, ఏ పనీ చేయకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. పశువులకు వచ్చే దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, ఇలాంటి బ్యాక్టీరియా వల్లే వస్తుంది. చనిపోయిన పశువును కోయకూడదని చెప్పేది ఇందుకే: కోసిన చోట గాలి తగిలి బ్యాక్టీరియా సిద్ధబీజాలవుతాయి, ఆ నేల దశాబ్దాల పాటు ప్రమాదకరంగా ఉండిపోతుంది. మరిగే నీరు సిద్ధబీజాలను నమ్మకంగా చంపలేదు. ఆసుపత్రి పరికరాలను ఒత్తిడిలో 121 డిగ్రీల ఆవిరితో కనీసం 15 నిమిషాలు ఉంచేది అందుకే.

తిండి సంపాదించే తీరులో బ్యాక్టీరియాకున్నంత వైవిధ్యం మొక్కలకు, జంతువులకు లేదు. సయనోబ్యాక్టీరియా ఎండను వాడుకుని ఆక్సిజన్ వదులుతాయి; సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది వాటి వల్లే. గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా మార్చేవి మరికొన్ని. పూత మీదున్న వేరుశనగ మొక్కను జాగ్రత్తగా పీకి మట్టి దులిపితే వేళ్ళ వెంట ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ ఎరుపుగా ఉంటుంది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. నత్రజనిని పట్టే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. బ్యాక్టీరియా ఊపిరికేమో ఆక్సిజన్ కావాలి. ఈ ప్రోటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తూ రెండు అవసరాలనూ తీరుస్తుంది. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్న బుడిపె పని చేయడం లేదని అర్థం.

బ్యాక్టీరియాలో రోగాలు తెచ్చేవి కొద్ది మాత్రమే. మనిషి ఒంటిలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన అంచనా. మనిషి సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. రోగం తెచ్చేవాటిలో కొన్ని తాము వదిలే విషంతో తెస్తాయి. కలరాలో ఒంట్లోని నీరంతా పోయేది ఒక విషం పనివల్లేనని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేలు పేగు మీద చేసిన ప్రయోగాలతో రుజువు చేశారు.

ఆర్కియా

1970ల వరకు ఆర్కియా అన్న వర్గం ఒకటుందని ఎవరికీ తెలియదు. కేంద్రకం లేని కణమైతే చాలు, బ్యాక్టీరియా లెక్కలో వేసేవారు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్ ఆకారాన్ని పక్కనపెట్టి, ప్రతి జీవిలోనూ ఉండే రైబోజోము ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమాన్ని పోల్చడం మొదలుపెట్టారు. ఎంత దగ్గరి బంధువులైతే క్రమంలో అంత పోలిక ఉండాలి. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులను ఇలా పరీక్షిస్తే, అవి మొక్కలకూ జంతువులకూ ఎంత దూరమో బ్యాక్టీరియాకూ అంతే దూరమని తేలింది. వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో ఈ సంగతి ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. జీవులన్నింటినీ బ్యాక్టీరియా, ఆర్కియా, కేంద్రకం గల జీవులు అనే మూడు రంగాలుగా విభజించాలని 1990లో వోస్ బృందం ప్రతిపాదించింది.

ఆర్కియా గోడలో పెప్టిడోగ్లైకాన్ లేదు. పొర కూడా వేరు. బ్యాక్టీరియా పొరలో కొవ్వు గొలుసులు గ్లిజరాల్‌కు ఎస్టర్ బంధంతో అతుక్కుంటాయి. ఆర్కియాలో ఈథర్ బంధం ఉంటుంది. ఇది వేడికీ ఆమ్లానికీ అంత సులువుగా తెగదు. బాగా వేడి చోట్ల బతికే కొన్ని ఆర్కియాలో గొలుసు పొర ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఒకటే అణువుగా సాగి ఉంటుంది కాబట్టి, ఎంత వేడెక్కినా పొర రెండు పలకలుగా విడిపోదు. సముద్రగర్భంలోని వేడినీటి బిలాల దగ్గర దొరికిన మెథనోపైరస్ కాండ్లెరీ అనే ఆర్కియా రకం ఒకటి ప్రయోగశాలలో ఒత్తిడి కింద 122 డిగ్రీల దగ్గర కూడా పెరిగింది. ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేసే వేడి అది.

ఎండిన కొద్దీ ఉప్పుమళ్ళు ఎర్రబారడం సముద్రతీరంలో ఉప్పు పండించేవారికి తెలిసిన దృశ్యమే. ఆ రంగులో పెద్ద వాటా ఉప్పును ఇష్టపడే ఆర్కియాది. చుట్టూ చిక్కటి ఉప్పునీరు ఉంటే మామూలు కణంలోని నీరు బయటికి లాగేయబడుతుంది. ఈ ఆర్కియా తమ లోపల పొటాషియంను అంతే చిక్కగా నింపుకుని నీటిని నిలుపుకుంటాయి. వాటి ప్రోటీన్లు ఆ ఉప్పదనానికే అలవాటుపడ్డాయి. మంచినీళ్ళు పోస్తే కణాలు పగిలిపోతాయి. వీటిలో హాలోక్వాడ్రాటమ్ అనేది పల్చటి చతురస్రపు బిళ్ళలా ఉంటుంది.

ఆర్కియా కఠినమైన చోట్లే ఉంటాయనుకోవడం పొరపాటు. మాగాణి బురదలో, పశువుల నెమరు పొట్టలో, మామూలు నేలలో, సముద్రజలంలో అవి పుష్కలం. గోబర్ గ్యాస్ తొట్టిలో పని రెండు అంచెల్లో సాగుతుంది. పేడలోని పీచును బ్యాక్టీరియా విరగ్గొట్టి ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ చేస్తాయి. వాటి నుంచి మీథేన్ చేయడం మాత్రం ఆర్కియాకే చేతనవును. ఆక్సిజన్ వాటికి విషం, అందుకే తొట్టి గాలి చొరబడకుండా ఉండాలి. ఒకేసారి ఎక్కువ పేడ, వంటింటి వ్యర్థాలు పోస్తే బ్యాక్టీరియా చేసే ఆమ్లం పేరుకుపోయి, మెల్లగా పెరిగే ఆర్కియా దెబ్బతింటాయి, మంట సన్నబడుతుంది. మనిషికి రోగం తెస్తుందని రూఢి అయిన ఆర్కియా ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఆర్కియాలో జన్యువులను చదివే ఎంజైమ్ కేంద్రకం గల కణాల్లోని ఎంజైమ్‌ను పోలి ఉంటుంది. చాలా జాతుల్లో డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, మనిషి కణంలో లాగే. గ్రీన్‌లాండ్, నార్వేల నడుమ సముద్రపు అడుగు బురద నుంచి తీసిన డీఎన్‌ఏలో, అంతవరకూ కేంద్రకం గల జీవులకే సొంతమనుకున్న జన్యువులున్న ఆర్కియా ఆనవాళ్ళు 2015లో దొరికాయి. వాటికి లోకి ఆర్కియా అని పేరు. ఆ కుదురుకు చెందిన ఒక జీవిని జపాన్ శాస్త్రవేత్తలు పన్నెండేళ్ళు ఓపికపట్టి పెంచి 2020లో వివరాలు ప్రచురించారు. అది ఒకసారి చీలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అలాంటి ఆర్కియా ఒకటి ఒక బ్యాక్టీరియాను తనలో కలుపుకోవడం వల్ల కేంద్రకం గల కణాలు పుట్టాయని, ఆ బ్యాక్టీరియమే నేటి మైటోకాండ్రియా అని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్న అభిప్రాయం.

వైరస్‌లు

వైరస్‌ల సంగతి పొగాకు ఆకుతో మొదలైంది. తెగులు తగిలిన ఆకు మీద లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ మచ్చలు కలగలిసి ఉంటాయి. 1892లో రష్యాలో ద్మీత్రీ ఇవనోవ్‌స్కీ ఆ ఆకుల రసాన్ని బ్యాక్టీరియాను పట్టేసే పింగాణీ వడపోత గుండా పంపినా, వడకట్టిన రసం కొత్త మొక్కలకు తెగులు అంటించింది. 1898లో హాలండు శాస్త్రవేత్త బైయరింక్ ఇది బ్యాక్టీరియా పని కాదని, బతికున్న కణాల్లో మాత్రమే పెరిగే కొత్త రకం అంటు పదార్థమని తేల్చి, వైరస్ అన్న పేరు వాడారు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా గడ్డకట్టించారు. సీసాలో నిలవ ఉంచగల స్ఫటికం, మళ్ళీ ఆకు మీద రుద్దితే తెగులు తెచ్చింది! ప్రాణికీ పదార్థానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతోంది.

పొగాకు మొజాయిక్ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ. ఒకే రకం ప్రోటీన్ 2,130 ముక్కలుగా మెట్ల వరుసలా చుట్టుకుని ఉంటే, ఆ చుట్ల మధ్య దాదాపు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు ఒకటి ఇమిడి ఉంటుంది. వైరస్‌లన్నింటి పద్ధతీ ఇంతే: లోపల డీఎన్‌ఏ గాని ఆర్‌ఎన్‌ఏ గాని, బయట ప్రోటీన్ తొడుగు. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, హెచ్‌ఐవీ వంటివాటికి తొడుగు మీద కొవ్వు పొర కూడా ఉంటుంది. చేతికి సబ్బు రుద్దితే ఈ పొర చెదిరిపోతుంది. ఏ వైరస్‌కూ సొంత రైబోజోములు లేవు. ప్రోటీన్ చేయించుకోవాలంటే ఎవరో ఒకరి కణంలో దూరక తప్పదు.

వైరస్ తన తొడుగు మీది ప్రోటీన్‌కు సరిపోయే తాళం ఉన్న కణాన్నే పట్టుకోగలదు. అందుకే ప్రతి వైరస్‌కూ ఫలానా జీవి, అందులోనూ ఫలానా కణాలు అని ఉంటుంది. లోపలికి చేరిన జన్యు పదార్థం కణం యంత్రాంగాన్ని తన వైపు తిప్పుకుంటుంది, విడిభాగాలు వేర్వేరుగా తయారై ఒకచోట కూడుకుంటాయి, పూర్తయిన వైరస్‌లు కణాన్ని పగలగొట్టుకునో పొరను తొలుచుకునో బయటపడతాయి. బ్యాక్టీరియా చీలినట్టు వైరస్ ఎన్నడూ చీలదు. బ్యాక్టీరియాను పట్టే ఫేజ్‌లలో కొన్ని వెంటనే కణాన్ని చంపకుండా, తమ డీఎన్‌ఏను దాని డీఎన్‌ఏలో కలిపేసి తరాల తరబడి ఊరుకుంటాయి. కలరా బ్యాక్టీరియాకు విషం చేసే జన్యువు వచ్చింది అలాంటి ఫేజ్ నుంచేనని 1996లో బయటపడింది. చిన్నప్పుడు వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్ళలో దాగి, వయసు మళ్ళాక సర్పిగా బయటపడేదీ ఇలాంటి నిద్ర తర్వాతే, అయితే అది మనిషి డీఎన్‌ఏలో కలవకుండానే దాగుతుంది.

ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో చాలావాటికి నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు లేదు. తప్పుల్లో కొన్ని వాటికి కలిసొస్తాయి. ఇన్‌ఫ్లుయెంజా టీకాను ఏటా మార్చుకోవలసి రావడానికి ఇదే మూలం. హెచ్‌ఐవీ వంటి రెట్రోవైరస్‌లు ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాసుకుని కణం డీఎన్‌ఏలో అతికించుకుంటాయి. పూర్వకాలపు రెట్రోవైరస్‌ల అవశేషాలు మనిషి జన్యు పదార్థంలో 8 శాతం దాకా ఉన్నాయి. మాయ ఏర్పడటానికి అవసరమైన సిన్సిటిన్ అనే ప్రోటీన్ అలా మిగిలిన వైరస్ జన్యువు నుంచే తయారవుతుంది.

మొక్క కణానికి గట్టి గోడ ఉంటుంది కాబట్టి వైరస్ తనంత తాను లోపలికి పోలేదు. గాయమో పురుగో కావాలి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్ళు తెగులుకు కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. చేల గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కలో అది పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. దాని పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీరి రసం పీల్చేటప్పుడు, పుప్పొడిలోని వైరస్ ఆ గీతల గుండా లోపలికి చేరుతుంది. పురుగుమందు ఒక్కటే చాలక, పూత రాకముందే వయ్యారిభామను పీకేయమని రైతులకు చెప్పింది ఈ దారి తెలిశాకే.

మందులు, నిరోధం

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాలో ఉండి మనిషి కణంలో లేని, లేదా వేరే తీరులో ఉన్న భాగాన్ని వెతికి కొడుతుంది. పెన్సిలిన్‌కు ఆ గురి గోడ, టెట్రాసైక్లిన్లకు బ్యాక్టీరియా రైబోజోము. ఈ కోవలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ నేలలోని ఒక బ్యాక్టీరియం నుంచి వెలికితీశారు. అది 1948లో వెలుగు చూసింది. ఆ పని జరిగిన లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. వైరస్‌కు గోడా లేదు, రైబోజోమూ లేదు కాబట్టి జలుబుకు, డెంగీకి యాంటీబయాటిక్ వేయడం వల్ల వైరస్‌కు ఏమీ కాదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, మందుకు లొంగనివి మిగులుతాయి. వైరస్ మందులు వైరస్ సొంత ఎంజైములను పట్టుకోవాలి. సర్పికి ఇచ్చే ఎసైక్లోవిర్‌ను పనిలోకి దింపేది వైరస్ ఎంజైమే, కాబట్టి అది ప్రధానంగా వైరస్ సోకిన కణాల్లోనే పనిచేస్తుంది. అంతకన్నా గట్టి ఆయుధం టీకా. మశూచి 1980 నాటికి, పశువుల రిండర్‌పెస్ట్ 2011 నాటికి భూమి మీద లేకుండా పోయింది టీకాల వల్లే.

వైరస్‌ల బెడద బ్యాక్టీరియాకూ ఆర్కియాకూ కూడా ఉంది. వాటికి సొంత రక్షణా ఉంది. 1987లో జపాన్‌లో ఇ.కోలై డీఎన్‌ఏలోనూ, 1993లో స్పెయిన్ తీరపు ఉప్పు కయ్యల నుంచి తీసిన ఆర్కియాలోనూ మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక విచిత్రమైన అక్షరక్రమం కనిపించింది. దానికి తర్వాత క్రిస్పర్ అని పేరొచ్చింది. ఆ పునరావృతాల మధ్యనున్న ముక్కలు పాత వైరస్‌ల డీఎన్‌ఏ తునకలు. పెరుగు తయారీలో వాడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌తో 2007లో చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి రుజువైంది: ఫేజ్ దాడి నుంచి బతికి బయటపడ్డ బ్యాక్టీరియా ఆ ఫేజ్ డీఎన్‌ఏ తునకను తమలో దాచుకున్నాయి, అదే ఫేజ్ మళ్ళీ వస్తే ఆ తునకతో గుర్తుపట్టి ముక్కలు చేశాయి. అలా ముక్కలు చేసే ఈ కత్తెరను కోరిన చోట డీఎన్‌ఏను కత్తిరించే పనిముట్టుగా 2012లో మలిచినందుకు ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫేజ్‌లు కూడా ఊరుకోలేదు. ఆ కత్తెరకు అడ్డుపడి దాన్ని కదలనివ్వని ప్రోటీన్లు కొన్ని ఫేజ్‌లలో ఉన్నాయని 2013లో తేలింది.